మా రేడియో బల్ల దగ్గర దేవుడు చేసిన కార్యం

ఆ రోజుల్లో ఎవరైనా మగమనిషి రేడియో చంకన పెట్టుకుని మా గుమ్మం ముందు నిలబడితే నా గుండెలో రాయి పడేది, సహోదరులారా. పని చేతకాక కాదు, సాయంత్రం మా ఆయన ఇంటికి వచ్చాక ఆ మనిషి గురించి అడగబోయే ప్రశ్నలు తలచుకుని. ఎవడు వచ్చాడు, ఎక్కడ కూర్చున్నాడు, ఎంతసేపు ఉన్నాడు, వాడు నవ్వాడా, నువ్వు నవ్వావా. ఒక్కోసారి ఏమీ అడగకుండా నా బల్ల ముందున్న పీట మీద అరచెయ్యి ఆనించి చూసేవారు, వెచ్చగా ఉందేమోనని. మా ఆయన యోసేపు గారు ఈ రోజు మీ మధ్యనే, తలుపు పక్క బెంచీ మీద కూర్చున్నారు. ఏదీ దాచకుండా చెప్పమని ఆయనే నన్ను ముందుకు పంపారు.

నా పేరు మార్త. నేను పుట్టింది మన దీవిలోనే, మోకాలో. మా నాన్న పోర్ట్ లూయీలో ఒక రేడియో దుకాణంలో ఊడవడానికీ పెట్టెలు మోయడానికీ చేరి, చూసి చూసి పని నేర్చుకున్నారు. ఇక బాగుపడవని పక్కన పడేసిన సెట్లను అడిగి ఇంటికి తెచ్చుకుని, వాటిని మళ్ళీ మాట్లాడించేవారు. ఆయనకు మగపిల్లలు లేరు గనుక దీపం పట్టుకుని పక్కన నిలబడేదాన్ని నేనే, అలా నిలబడి నిలబడి నా చేతులకూ ఆ విద్య వచ్చేసింది. పెళ్ళయి రివియేర్ దు రాంపార్‌కు కాపురానికి వచ్చినప్పుడు నా పెట్టెలో చీరల కింద నాన్న ఇచ్చిన, సీసం కరిగించి తీగలు అతికే సోల్డరింగ్ ఐరన్ ఉంది. మా ఆయన బస్సు కండక్టరు. అప్పట్లో దాన్ని చూసి ఆయన నవ్వారు, అంతే.

తరువాత ఆ పెద్ద తుఫాను వచ్చింది. చెరుకంతా నేలకు పడుకుంది, రేకులు ఎగిరిపోయాయి, ఎవరి ఇంట్లో చూసినా తడిసిన పరుపులు, తడిసిన బియ్యం, తడిసిన రేడియోలు. గాలి మధ్యలో ఆగినప్పుడు ముప్పు తప్పిందనుకుని బయటికి వచ్చినవాళ్ళు తిరిగి వీచిన గాలికి చిక్కారు. రేడియో ఉన్న ఇళ్ళవాళ్ళు మాత్రం హెచ్చరిక విని లోపలే ఉన్నారు. అందుకే ఆ తరువాత మా ఊళ్ళో రేడియో అంటే పాటల పెట్టె కాదు, ప్రాణం. కొత్తది కొనడం చెరుకు కూలీ ఇంటికి అయ్యే పని కాదు. నా పెట్టెలోని ఐరన్ గురించి ఎవరు చెప్పారో గాని, జనం పాత సెట్లను గోనెసంచుల్లో చుట్టి మా ఇంటికి తేవడం మొదలుపెట్టారు.

ఆ పని ఎలా ఉంటుందో కొంచెం చెబుతాను, ఎందుకంటే దేవుడు నాకు నేర్పిన పాఠం అందులోనే ఉంది. తడిసిన సెట్టును వెంటనే కరెంటుకు పెడితే అది కాలిపోతుంది. ముందు చెక్కపెట్టెలో నుంచి లోపలి భాగమంతా బయటికి తీసి, నీడలో గాలికి ఆరబెట్టాలి, ఎండలో పెడితే చెక్క విచ్చుకుపోతుంది. బురద, బొద్దింకల గూళ్ళు కుంచెతో దులపాలి. గాజు వాల్వులను ఒక్కొక్కటిగా తీసి వాటి కాళ్ళను ఉప్పుకాగితంతో రుద్దాలి. చెమ్మకు ఉబ్బిపోయిన కండెన్సర్లను కత్తిరించి, పూర్తిగా చచ్చిపోయిన ఇంకో సెట్టులో నుంచి మంచివి తీసి అతకాలి. స్పీకరు కాగితం చిరిగితే పలుచని కాగితం, గంజి పెట్టి అంటించాలి. స్టేషను చూపే ముల్లును తిప్పే దారం తెగితే చేపలు పట్టే దారం కట్టేదాన్ని. చివరికి ఒక మామూలు బల్బును మధ్యలో కలిపి కరెంటు ఇచ్చేదాన్ని. ఆ బల్బు భగ్గున వెలిగితే లోపల ఇంకా తప్పు ఉన్నట్టు, మసకగా వెలిగితే ఫరవాలేదన్నట్టు. అలా పొలం గట్టు మీద పారేయాల్సిన పెట్టె మళ్ళీ గొంతు సవరించుకుని మాట్లాడితే, అబ్బా, ఆ సంతోషం నేను చెప్పలేను.

ఒక రోజు ఒక బడిపంతులు చనిపోయిన తన తండ్రి రేడియో తెచ్చి ఇచ్చి, కొన్నాళ్ళకు తీసుకుపోవడానికి వచ్చారు. నేను మీట తిప్పగానే అందులో తెలుగు కార్యక్రమం వస్తోంది, వాళ్ళ నాన్న వారం వారం వినేవారట. ఆ మనిషి నా ముందే చేతులు జోడించి ఏడ్చేశారు. నాకూ కళ్ళు చెమర్చాయి. సరిగ్గా అప్పుడే మా ఆయన గుమ్మంలో అడుగు పెట్టారు.

పంతులు వెళ్ళగానే ఆయన వచ్చి పీట మీద అరచెయ్యి ఆనించారు. మా ఇంట్లో ప్రార్థన తెలుగులో, కోపం వీధిలో అందరం మాట్లాడే క్రియోల్‌లో. ఆ రోజు క్రియోల్ కూడా రాలేదు. మరునాడు పొద్దున నా సోల్డరింగ్ ఐరన్ తీసి తన టికెట్ల సంచిలో వేసుకుని డ్యూటీకి వెళ్ళిపోయారు. ఆ తరువాత ప్రతి రోజూ అంతే. ఐరన్ ఆయనతో పాటు బస్సులో ఊరూరా తిరిగేది, నేను ఇంట్లో విప్పి పెట్టిన సెట్ల ముందు కూర్చునేదాన్ని. తలుపు తట్టినవాళ్ళకు పని మానేశానని చెప్పి పంపేదాన్ని. బొగ్గుల మీద ఇనుపచువ్వ కాల్చి చాటుగా చేసుకోవచ్చు, మా నాన్న అలాగే నేర్చుకున్నారు, కానీ చాటుగా చేస్తే ఆయన అనుమానం నిజమైనట్టే కదా. నేను మోకాళ్ళ మీద పడి, "ప్రభువా, నా చేతులకు ఈ పని నువ్విచ్చావు, ఈ భర్తనూ నువ్వే ఇచ్చావు, ఈ రెండింటిలో ఒకటి తీసుకోమని నన్ను అడగకు తండ్రీ" అని ఏడ్చి ప్రార్థించేదాన్ని.

మన సంఘంలో పెద్దావిడ సుందరమ్మత్త అప్పట్లో కాంప్ ద మాస్క్ నుంచి బస్సు మారి మరీ ప్రార్థనకు వచ్చేది. ఆమె నా ముఖం చూసి అడిగితే మొత్తం చెప్పాను. నన్ను ఓదారుస్తుందనుకున్నాను. ఆమె మాత్రం, "మీ ఆయన నిన్ను చూసి కాదే కుళ్ళుతున్నది, తాను లేని చోటును చూసి. ఆ చోట్లో ఆయనకు ఒక కుర్చీ వెయ్యి" అంది.

ఆ సాయంత్రం నేను ధైర్యం చేసి అడిగాను. "ఏమండీ, ఆదివారం ఆరాధన అయ్యాక మాత్రమే పని చేస్తాను. మీరు నా పక్కనే కూర్చోండి. ఎవరు వచ్చినా మీరే మాట్లాడండి, నేను తల ఎత్తను."

"కాపలా కాయమంటావా?" అన్నారు.

"కాయండి" అన్నాను.

సహోదరులారా, మనిషి మనసును తిప్పడానికి దేవుడు ప్రతిసారీ ఉరుములు పంపడు. మా ఆయన కాపలాకు కూర్చున్నారు. మొదట చేతులు కట్టుకుని వీధి వైపు చూసేవారు. తరువాత బల్ల వైపు చూడడం మొదలుపెట్టారు. ఒక ఆదివారం ఉండబట్టలేక, "ఆ ఎర్రగీతల ముక్కను ఎందుకు పీకావు?" అని అడిగారు. చెప్పాను. ఇంకో ఆదివారం దారం కట్టడానికి నా వేళ్ళు చాలక అవస్థ పడుతుంటే, "ఇటియ్యి" అని తానే ముడి వేశారు. కొంతకాలానికి వాల్వుల కాళ్ళు రుద్దడం ఆయన పని, చెక్కకు మెరుగు పెట్టడం ఆయన పని. ఐరన్ ఇంట్లోనే ఉండిపోయింది. సాయంత్రాలు ఇంటికి వస్తే ప్రశ్నలు ఉండేవి, కానీ ఇప్పుడు మనుషుల గురించి కాదు, సెట్ల గురించి. దేవుడు నా ప్రార్థన విన్నాడని నేను సంఘంలో స్తోత్రం చెల్లించాను, మీలో కొందరికి గుర్తుండే ఉంటుంది.

ఇక్కడితో ఆపితే నా సాక్ష్యం సగమే అవుతుంది. ఆ రోగం ఆయనను వదిలి నన్ను పట్టుకుంది.

ఆయన కండక్టరు గనుక దారి పొడవునా ఊళ్ళవాళ్ళు పాడైన సెట్లు ఆయన చేతికే ఇచ్చేవారు, బాగయ్యాక ఆయన చేతి నుంచే తీసుకునేవారు. చూస్తుండగానే ఆయన పేరు క్రియోల్ నోళ్ళలో రాడియో జోసెఫ్ అయిపోయింది. కొళాయి దగ్గర ఆడవాళ్ళు, "మీ ఆయన చేతిలో ఏదో ఉంది, మార్తా" అనేవారు. నేను నవ్వి, బిందె ఎత్తుకుని వచ్చేసేదాన్ని. ఎవరో ఆయనకు కృతజ్ఞతగా సంచినిండా లిచీ పళ్ళు పంపారు. ఎర్రగా, మంచి పళ్ళు. నేను ఒక్కటి వలిచి నోట్లో వేసుకుంటే తీపి తెలియలేదు. ఆయన ముడి వేస్తారు, మెరుగు పెడతారు, అసలు తప్పు వెతికి పట్టేది నేను, పేరు మాత్రం ఆయనది. ఆయన అబద్ధం చెప్పలేదు, పొగిడినవాళ్ళను సరిదిద్దనూ లేదు. నేను ప్రార్థనలో, "ప్రభువా, ఆయన అనుమానం తీసేశావు, దానితో పాటు నన్నూ తీసేశావా" అని దేవునితోనే పేచీ పెట్టుకున్నాను. పక్కపక్కనే కూర్చుని పని చేస్తూ, ఆయన చెయ్యి నా చేతికి తగిలితే వెనక్కి తీసుకునేంత దూరం వెళ్ళింది నా మనసు.

అలాంటి రోజుల్లో స్వాతంత్ర్యం వచ్చింది. మన జెండా ఎగరేసే వేళకు మా వీధిలో సగం జనం చీనా దుకాణం ముందు గుమిగూడారు, ఎందుకంటే ఆ దుకాణంలో పెద్ద రేడియో ఉంది. అది మేము బాగుచేసిందే. పోర్ట్ లూయీలో బ్యాండు మోగుతున్న చప్పుడు వినిపిస్తోంది, ముసలివాళ్ళు కుర్చీల మీద, ఆడవాళ్ళం ఒక పక్క, మగవాళ్ళు ఒక పక్క. ఉన్నట్టుండి రేడియో మూగబోయింది.

దుకాణదారు కంగారుగా, "అయో, ముస్యే జోసెఫ్! వినీ, వినీ" అని మా ఆయనను రమ్మని పిలిచాడు. ఆయన వెళ్ళి, తీగ ఊడదీసి, వెనుక అట్ట విప్పి చూశారు. తనకు తెలిసిన ముడులన్నీ చూశారు. మళ్ళీ తీగ పెడితే లోపల ఒక్క వాల్వూ వెలగలేదు. జనం మీద మీద పడుతున్నారు, ఎవరో త్వరగా కానీమంటున్నారు, ఆయన మెడ మీద చెమట నాకు కనిపిస్తోంది. మందిరంలో నిలబడి అబద్ధమాడను. నాకు సంతోషం వేసింది. అందరూ చూడనీ, ఇప్పుడు తెలుస్తుంది రాడియో జోసెఫ్ ఎవరో అనుకున్నాను. తప్పు ఎక్కడుందో నాకు నిలబడిన చోటు నుంచే దాదాపు తెలుసు. అయినా కదలలేదు.

అప్పుడు మా ఆయన తల ఎత్తి ఆడవాళ్ళ వైపు చూశారు. నన్ను వెతుక్కున్నారు. వెతికి పట్టుకుని, చుట్టూ మూగిన మగవాళ్ళను రెండు చేతులతో నెట్టుతూ, "లెస్ లి పాసే" అన్నారు. ఆమెకు దారివ్వండి అని. ఎవరో, ఎవరికి అని అడిగారు. "నా భార్యకు. ఈ సెట్టు బాగుచేసింది ఆమె. నేను బరువులు మోసేవాణ్ణి" అన్నారు గట్టిగా. నాతో మాత్రం తెలుగులో, నెమ్మదిగా, "రా మార్తా, నాకు అందడం లేదు" అన్నారు.

నా దగ్గర ఒక్క మగవాడు నిలబడితే ఓర్వలేని మనిషి, సహోదరులారా, ఊరి మగవాళ్ళందరి మధ్యకు నన్ను పిలిచి, నాకు వెలుతురు తగలాలని తన భుజంతో వాళ్ళను ఆపి పట్టుకున్నారు. నేను నడిచి వెళ్ళిన ఆ కొద్ది దూరంలో నా లోపలి విషం ఎక్కడ కారిపోయిందో నాకు తెలియదు. తీగ ఊడదీయించి, వాల్వులు ఒక్కొక్కటి లాగి చూశాను. ఆ రకం సెట్టులో ఒకదాని కాలికి తుప్పు పడితే అన్నీ ఆరిపోతాయి. ఆ ఒక్కటి దొరికింది. ఆయన జేబులో నుంచి ఉప్పుకాగితం తీసి నేను అడగకముందే అందించారు. రుద్ది, గట్టిగా కూర్చోబెట్టి, కరెంటు ఇచ్చాము. వాల్వులు మెల్లగా ఎర్రబడ్డాయి. శబ్దం రాలేదు. వాల్వు వేడెక్కేదాకా ఓపిక పట్టాలి, ఆ సంగతి మా ఇద్దరికీ తెలుసు, మిగతా ఎవరికీ తెలియదు. ఆయన నా వైపు చూసి నిలబడ్డారు. ముందు గరగర, తరువాత వేల మంది హోరు, తరువాత మన పాట. జెండా పైకి వెళ్తోందని చెబుతున్నారు. చుట్టూ అందరూ లేచి నిలబడ్డారు. దుకాణదారు కళ్ళు తుడుచుకుంటున్నాడు. మా ఆయన పెదవులు కదులుతున్నాయి, నాకు వినబడింది, "స్తోత్రం తండ్రీ" అంటున్నారు.

దేవునికే మహిమ. ఆ రోజు నుంచి నాకు అసూయ అనేదే లేదని చెబితే అది అబద్ధం. ఇప్పటికీ కొందరు బస్సు దగ్గర ఆయననే మెచ్చుకుంటారు, అది వింటే నాకు ఒక్కోసారి కుడుతుంది. కుట్టినప్పుడు ఆయనకే చెప్పేస్తాను. ఆయనకు ఎప్పుడైనా పాత అనుమానం వస్తే నాకే చెప్పేస్తారు. అప్పుడు ఇద్దరం కలిసి ప్రభువుకు చెబుతాము. మూడోవాడిగా ఆయన మా మధ్య ఉన్నాడు గనుక మేము విడిపోలేదు.

ఈ సాయంత్రం ఇక్కడ కూర్చున్నవారిలో, భర్త మీదో, తోడికోడలి మీదో, పక్కింటి పంట మీదో లోపల కుళ్ళిపోతున్నవారు ఉంటే, ప్రియులారా, సిగ్గుపడకండి. ఆ నొప్పిని మూటకట్టి ఇంటికి మోసుకుపోకండి. యేసు నామంలో ఇప్పుడే బయట పెట్టండి. ఎవరిని చూస్తే మీ కడుపు మండుతుందో, వెళ్ళి వాళ్ళ పక్కన కూర్చోండి. మిగతాది ఆయన చూసుకుంటాడు. మా ఇంట్లో చూసుకున్నాడు.