దయానందం గారి అనుమానాలు

మదనపల్లెలో ఆపరేటింగ్ సిస్టం తయారుచేసే ఆ చిన్న ఆఫీసులో దయానందం గారికి ఒకటే జబ్బు. మీటింగులో ఎవరి నోట సాంకేతిక పదం వచ్చినా చెయ్యెత్తి, "అంటే ఏందప్పా?" అంటారు. సర్వీసు పాతికేళ్లు. రోజుకు అనుమానాలూ పాతిక.

కుప్పం పక్క పల్లె నుంచి వచ్చి కొత్తగా చేరిన వసుధకు బుర్ర తిరిగిపోయింది. ఈయనకు ఉద్యోగం ఎవరిచ్చినట్టు?

"స్కెడ్యూలర్‌లో ఏందో సమస్య ఉండాది," అన్నాడు టీం లీడర్ హరీష్.

"స్కెడ్యూలర్ అంటే ఏందప్పా?"

హరీష్ పళ్లు నూరాడు. "పోయిన నెల గూడా చెప్పినా గదా సార్! ప్రాసెసర్ ఒకటే, పనులు వంద. ఎవురు ముందు, ఎవురు ఎనక అని వరస పెట్టేది."

"ఓహో! పుంగనూరు ఆస్పత్రిలో టోకెన్లిచ్చే ఆయమ్మ మాదిరి!"

దయానందం గారు తెగ సంబరపడి రాసుకున్నారు. వసుధ కూడా గుట్టుగా రాసుకుంది. ఆమెకూ అది తెలియదు మరి. తెలియదంటే ఇంటికి పంపేస్తారని భయం.

ఆర్నెల్ల ప్రొబేషన్ ముగిసే రోజు రానే వచ్చింది. ప్రోగ్రాములో తాను సరిచేసిన తప్పును అందరి ముందూ వివరించాలి. మెప్పిస్తే ఉద్యోగం, లేకుంటే కుప్పం బస్సు. "ఈడ డెడ్‌లాక్ అయింది సార్. తీసేసినా," అని గబగబా ముగించి కూర్చోబోయింది.

"డెడ్‌లాక్ అంటే ఏందమ్మా?"

వసుధకు పుస్తకంలో చదివింది ఒక్క ముక్కా గుర్తు రాలేదు. ఇక చేసేదేమీ లేక ఇంటి సంగతే చెప్పేసింది.

"మా నాయనకూ పెదనాయనకూ బోరు ఒకటే సార్. స్టార్టర్ పెట్టె బీగంచెవి పెదనాయన దగ్గర, పైపులు మా నాయన దగ్గర. పైపులిస్తేనే చెవి అని ఆయన, చెవి ఇస్తేనే పైపులని ఈయన. ఇద్దురూ గట్టు మీద కూసోనుండారు, చేను ఎండిపోతాండాది. మన సిస్టంలో రెండు ప్రోగ్రాములు గూడా అట్లే కూసోనుండాయి."

"మరి నువ్వేం జేసినావు?" అన్నాడు హరీష్.

"ఎవురైనా ముందు చెవి తీసుకోవాల, ఆ తర్వాతే పైపులు ముట్టాల అని వరస పెట్టినా."

హరీష్ పకపకా నవ్వి, ఉద్యోగం ఖాయమన్నాడు.

సాయంత్రం వసుధకు ఒక వింత కనబడింది. తనకు ఆ తప్పును పట్టి చూపిన ప్రోగ్రాములో మొదటి వరుసలోనే రాసినవారి పేరు ఉంది: దయానందం. పరుగున ఆయన దగ్గరికి వెళ్లింది.

"సార్, మీకు డెడ్‌లాక్ తెలుసా?"

"తెలుసమ్మా."

"స్కెడ్యూలర్?"

"అదీ తెలుసు."

"మరి యాల అడిగినారు?"

"ఆ పొద్దు స్కెడ్యూలర్ అన్నప్పుడు నీ మొగం సూస్తే నీకు తెలీదనిపించింది. నువ్వేమో అడగవు. నేనడిగితే పోయేదేముంది, ముసిలోడికి మతిమరుపు అనుకుంటారు."

"మరి ఈ పొద్దు?"

"ఈ పొద్దు నీకు తెలుసనిపించింది. ఆ సంగతి వాళ్లకూ తెలియాల గదా!"

వసుధకు సిగ్గూ, ఆయన మీద చెప్పలేనంత ప్రేమా ఒక్కసారే ముంచుకొచ్చాయి.

"ఇంతకీ మీ చేనుకు నీళ్లు పారినాయా అమ్మా?" అన్నారాయన. ఇది మాత్రం నిజంగా తెలియకే అడిగారు.

"యాడ సార్! ఇద్దురూ ఇంకా గట్టు మీదనే ఉండారు," అని నవ్వేసింది వసుధ.