మార్త కుట్టిన జీపు సీటు

వికారాబాద్‌లో మా వీధి చివర రేకుల షెడ్డులో బండ్ల సీట్లు కుట్టే మార్త గురించి మీకు చెప్పాలి. ఆమె పని మీద కూర్చునేవాళ్లే గానీ, దాన్ని చూసేవాళ్లు ఎవరున్నారు చెప్పండి! ముప్పై ఏళ్లుగా ఆటోలు, ట్రాక్టర్లు, ఏవొస్తే అవి కుట్టింది. ఒకప్పుడు భర్త జంగప్ప రెగ్జిన్ అటు కొస పట్టుకుంటే ఈమె ఇటు మిషన్ తొక్కేది. ఆయన పోయి ఆరేళ్లు. ఇప్పుడు ఆ కొసను కిటికీ ఊచకు కట్టుకుని కుడుతోంది. బడి నుంచి రిటైరయ్యాక నాకేం పని? పొద్దున్నే వెళ్లి ఎదురుగా స్టూలేసుకుని వాగుతుంటాను. ఆమె "ఊ" అంటుంది, అంతే.

మొన్న ఎండాకాలంలో నవాబుపేట మల్లేశ్వర్ ఒక పాత జీపు తెచ్చాడు. రంగు, చక్రాలు, లైట్లు అన్నీ మార్పించాడట.

"సీటు నీ ఇష్టమొచ్చినట్టు కుట్టక్కా" అన్నాడు.

ఆమెతో ఎవరైనా అలా అనడం అదే మొదటిసారి! పది రోజులు కూర్చుంది. ఎర్రమట్టి రంగు రెగ్జిన్ మీద పసుపు దారంతో, బంట్వారంలో వాళ్ల నాయన కంది చేను సాళ్లు గట్టు దగ్గర మలుపు తిరిగినట్టే కుట్టింది. మల్లేశ్వర్ వచ్చి, చెవి దగ్గర ఫోన్ తీయకుండానే, "పైన ప్లాస్టిక్ కవర్ గూడ ఎయ్యక్కా" అన్నాడు. అందరూ వేయించుకునేదే. వేసింది. మందపాటి ప్లాస్టిక్ కింద సాళ్లన్నీ మసకబారాయి.

ఇలా మార్చిన బండ్లను మైదానంలో కాకుండా కప్పు కింద ప్రదర్శించడం తాండూరులో అదే మొదలు. ఒక ఫంక్షన్ హాల్ తీసుకుని పోటీ పెట్టారు, మల్లేశ్వర్ జీపూ అందులో ఉంది. సీట్లకు కూడా మార్కులున్నాయని తెలిసి, మార్త ఇస్త్రీ చీర కట్టుకుని నాతో రైలెక్కింది.

"ఒక్కలన్న జూస్తరు గద, టీచరమ్మా?"

"ఎందుకు చూడరే!" అన్నాను. నాదేం పోయింది, అనేశాను.

హాల్లో ఇంజన్ స్టార్ట్ చేయకూడదట. పన్నెండు బండ్లను చేతులతో నెట్టుకొచ్చి పెళ్లి స్టేజీ ముందు నిలబెట్టారు. జీపు సీటు మీద ప్లాస్టిక్ అలాగే ఉంది.

"కవర్ తియ్యి, మల్లేశూ" అంది మార్త.

"ఇప్పుడే తీస్తే ఆగమైతదక్కా. బజ్జీలు తిన్న చేతులతోని ముట్టుకుంటరు. నాలుగింటికి జడ్జిలొస్తరు, అప్పుడు తీస్త."

మార్త జీపు పక్కన నిలబడింది. జనం లైట్లు చూశారు, టైర్లు తన్ని చూశారు. "అమ్మా, జర పక్కకు జరుగు, ఫోటోల వడుతున్నవ్" అన్నాడొకడు. జరిగింది. మధ్యాహ్నమంతా అలా జరుగుతూనే ఉంది.

జడ్జీలు మూడింటికే వచ్చేశారు. మల్లేశ్వర్ అప్పటికే బిర్యానీ తినడానికి పోయాడు. బండి తనది కాదాయె, మార్త చెయ్యి ప్లాస్టిక్ మీదే ఆగిపోయింది. పట్నం నుంచి వచ్చిన పెద్దమనిషి లోపలికి తొంగిచూశాడు.

"సీటు పని ఇంకా కాలేదామ్మా?"

"అయింది సార్, లోపట..."

ఆయన ఏదో రాసుకుని పక్క బండికి వెళ్లాడు. మార్త సంచిలోంచి దారం కత్తెర తీసి, ప్లాస్టిక్‌ను ఈ చివర నుంచి ఆ చివరకు సర్రున కోసి లాగి పడేసింది.

"సార్! జర ఇప్పుడు జూడుండ్రి!"

ఆయన వెనక్కి తిరిగి నవ్వాడు. "ఆ బండి అయిపోయిందమ్మా, రాసేశాం."



మల్లేశ్వర్ పరుగెత్తుకొచ్చాడు. "ఏందక్కా గిది? చింపినవ్?"

"కూసో" అంది మార్త.

కూర్చున్నాడు.

"ఎనుకకు ఆనుకో."

ఆనుకున్నాడు. అతని వీపు కింద సాళ్లు ఎలా వంగుతున్నాయో ఆమె పక్కకు ఒంగి మరీ చూసింది. అతను ఫోన్ చూసుకుంటున్నాడు.

"మస్తు మెత్తగుందక్కా. కొత్త కవర్ ఎన్నడేస్తవ్ మరి?"



"మంగళారం తే" అంది మార్త.

కింద పడ్డ ప్లాస్టిక్ ఏరి, మడిచి సంచిలో పెట్టుకుంది. స్కూటర్ సీటుకు సరిపోతుందట.