రంగుతో కలిపి

పోయిన మంగళవారం మా ఎదురింటి తాతగారు చనిపోయారు. స్కూలు అయ్యాక పార్కింగ్‌లో ఫోన్ తెరిస్తే అమ్మ మెసేజ్ కనిపించింది. "తాతగారు పొద్దున్న పోయారు. నెమ్మదిగా డ్రైవ్ చేసుకుని రా." నెమ్మదిగానే వచ్చాను. మా వీధి మలుపు తిరగగానే ఆయన గరాజ్ తలుపు సగం తెరిచి కనిపించింది. ఆయన ఉండగా దాన్ని అలా సగంలో వదిలేయడం నేనెప్పుడూ చూడలేదు.

ఆయనకూ మాకూ చుట్టరికం లేదు. అమెరికాలో ఈ క్యారీ ఊళ్ళో ఇల్లు కొన్న కొత్తలో మా అమ్మానాన్నలకు పరిచయమయ్యారు, అంతే. నాకు తెలుగు చదవడం, రాయడం నేర్పింది మాత్రం ఆయనే. ఆదివారం పొద్దున్న గరాజ్‌లో రెండు మడతకుర్చీలు వేసేవారు. మా మధ్య బల్ల మీద ముల్లు తిరిగే పాత కాటా ఒకటి ఉండేది. ఇంట్లోకి ఏం వచ్చినా దాని మీదికి ఎక్కాల్సిందే. మామ్మగారు పెరట్లో కోసిన గోంగూర, పోస్టులో వచ్చిన ప్యాకెట్టు, నా బ్యాక్‌ప్యాక్. ముందు చేతిలో ఆడించి అంచనా చెప్పేవారు, తర్వాత కాటా మీద పెట్టేవారు. అంచనా తప్పితే ముల్లుకేసి చూసి ముచ్చటగా నవ్వేవారు.

"మీ తూకం అయ్యేలోపు ఆకు వాడిపోతుంది. ఇటివ్వండి," అనేవారు మామ్మగారు.

"బరువు తెలియకుండా వండితే ఉప్పెంత వేస్తావే?"

"యాభై ఏళ్ళుగా ఎంత వేశానో అంతే వేస్తాను."

ఆ అలవాటు ఆయనకు ఉద్యోగంలో వచ్చింది. చదువుకోవడానికి అమెరికా వచ్చి, పడమటి తీరంలో ఒక విమానాల కంపెనీలో చేరారు. ధ్వనికంటే వేగంగా ప్రయాణికులను మోసుకెళ్ళే విమానం కోసం మూడు చోట్ల పోటీ నడుస్తున్న రోజులవి. సోవియట్ వాళ్ళది అందరికంటే ముందు ఎగిరింది. బ్రిటన్, ఫ్రాన్స్ కలిసి కట్టిన కాంకార్డ్ ఆ వెనకే ఎగిరి, ఎన్నో ఏళ్ళు సముద్రాలు దాటింది. మూడోది అమెరికాది. తాతగారు పనిచేసింది దానికే. మొదట దాని రెక్కలు గాలిలో ముందుకీ వెనక్కీ మడిచేలా గీశారు. ఆ మడత యంత్రాల బరువుకే విమానం కుంగిపోయేలా ఉందని లెక్కల్లో తేలింది. రెక్కలు మార్చారు. అసలు విమానమంత నమూనా ఒకటి చేసి నిలబెట్టారు. ఇంతలో వాషింగ్టన్‌లో ఓటు పెట్టి డబ్బు ఆపేశారు. ఆ విమానం ఎగరలేదు. ఉద్యోగం పోయి, తాతగారు ఒక అట్టపెట్టెతో ఇంటికి వచ్చారు.

బుధవారం సాయంత్రం, ఆదివారం జరిగే సంస్మరణ సభ ఏర్పాట్లు చూస్తున్న అంకుల్ ఫోన్ చేశారు.

"రెండు నిమిషాలు నువ్వు కూడా మాట్లాడాలమ్మా. 'అమెరికా సూపర్‌సానిక్ జెట్ బిల్డ్ చేసిన మన తెలుగాయన' అని స్టార్ట్ చెయ్యి. బాగుంటుంది."

"అంకుల్, అది ఎగరలేదు."

"ఎగిరిందో లేదో అక్కడ ఎవరు చెక్ చేస్తారు? ఆదివారం ఒక్కరోజుకి ఎగరనీ."

అంకుల్‌కి తాతగారంటే ప్రాణం. సభకు వచ్చేవాళ్ళలో చాలామందికి ఆయన గోంగూర తూచే ముసలాయనగానే తెలుసు. ఆయన ఎంత పెద్దవారో వాళ్ళకు తెలియాలని నాకూ ఉంది. పైగా ఆ వాక్యం నాకు కొత్తది కాదు. నిరుడు మా తెలుగు బడి పత్రికకు వ్యాసం రాస్తూ అచ్చంగా అదే రాశాను. నాకు మాటల పిచ్చి పట్టిన మొదటి రోజులు. 'మహా', 'అద్భుత', 'అపూర్వ' మూడూ ఒకే వాక్యంలో పెట్టాను. తాతగారు కాగితాన్ని అరచేతిలో ఆడించారు.

"బరువెక్కువుందమ్మా. నేను విమానం కట్టలేదు. రెక్కలో ఒక ముక్కకి వెయిట్ లెక్కలేశాను. అందులోనూ ఒకసారి తప్పేశాను."

ఆ తప్పు సంగతి అప్పుడే చెప్పారు. మేకులు, సీళ్ళు, గొట్టాలు అన్నీ కూడి, ఆ ముక్క బరువు పై ఆఫీసుకు పంపేశారు. వాళ్ళు అడిగిన దానికంటే కాస్త తక్కువే వచ్చింది. అందరూ భుజం తట్టారు. ఆ శనివారం స్నేహితుడి అపార్ట్‌మెంట్ గోడలకి రంగు వేయడంలో సాయానికి వెళ్ళి రంగు డబ్బా ఎత్తారు. చెయ్యి కిందికి లాగింది. రెక్కకు వేసే రంగు బరువు తన లెక్కలో లేదని అక్కడే, మెట్ల మీదే గుర్తొచ్చింది.

సోమవారం పొద్దున్నే వెళ్ళి బాస్‌కు చెప్పారు. "ఎవరూ అడగలేదుగా" అన్నాడట బాస్. అందరూ బరువు తగ్గించడానికి తలలు పట్టుకుంటుంటే, పెంచినవాడు తనొక్కడేనని చెప్పి తాతగారు నవ్వారు.

నేనప్పుడు అడిగాను. "ఎలాగూ ఎగరలేదు కదా తాతగారూ. మరి ఆ పెయింట్ లెక్క దేనికి?"

"ఎగరదని నాకా రోజు తెలీదు కదమ్మా," అన్నారు.

అంకుల్‌కి మళ్ళీ ఫోన్ చేసి, విమానం కట్టారని చెప్పలేనన్నాను, రంగు డబ్బా సంగతి చెబుతానన్నాను. "తప్పు చేశారని చెప్తావా, సభలో?" అన్నారు అంకుల్. "ఆయనే వెళ్ళి చెప్పారు అంకుల్. అది చెప్తాను," అన్నాను. "సరే, నీ ఇష్టం. మామ్మగారిని ఒక మాట అడుగు," అన్నారు. అడిగాను. "ఆ డబ్బా కథా? చెప్పమ్మా. లేకపోతే పైనుంచి దిద్దుతారు," అన్నారు మామ్మగారు, కళ్ళు తుడుచుకుంటూనే.

ఒక్క మాట మిగిలింది. నాకు లైసెన్స్ వచ్చాక చేసిన మొదటి దూర ప్రయాణం తాతగారి కోసమే. వాషింగ్టన్ దగ్గర మ్యూజియంలో ఒక కాంకార్డ్ ఉంది. ఆయన ఇన్నేళ్ళూ దాన్ని చూడటానికి వెళ్ళలేదు. ఎందుకని ఎవరూ అడగలేదు. మోకాళ్ళు ఇంకా సాగుతుండగానే చూడాలని ఈ వసంతంలో ఆయనే అన్నారు. దారంతా నా స్పీడ్ మీద ఒక కన్ను వేసి కూర్చున్నారు.

ఆ షెడ్డులో అందరూ దాని కొంగముక్కు దగ్గర ఫోటోలు దిగుతున్నారు. విమానం నేలకు దిగేటప్పుడు పైలట్‌కు రన్‌వే కనపడాలని ఆ ముక్కు కిందికి వంచేవారట. తాతగారు అటు పోలేదు. పొట్ట కిందుగా నడిచి, తాడు దాకా వచ్చి ఆగారు. ఆ వేగానికి విమానం ఒళ్ళు కాలిపోకుండా వేడిని తిప్పికొట్టే తెల్ల రంగు వేశారని చెప్పారు. తర్వాత చేతికర్ర నాకిచ్చి, కుడి అరచెయ్యి వెల్లకిలా తిప్పి, తాడు మీదుగా ఆ తెల్లటి రెక్క కిందికి చాచారు. గోంగూర కట్టను ఆడించినట్టే రెండుసార్లు, మెల్లగా, పైకీ కిందికీ ఆడించారు.

"రంగుతో కలిపి," అన్నారు. చెయ్యి చాలాసేపు అలాగే ఉంచారు.