మా షెడ్డులో కంపెనీ పందులు

ఆళ్లగడ్డ దాటి మా ఊరి దారిలో రేకుల షెడ్డు కనిపిస్తే, లోపల గురకపెట్టే పందులన్నీ నావనుకునేరు. షెడ్డు నాది, కంపు నాది. పందులు కంపెనీవి.

ఒకప్పుడు నావే ఉండేవి. నంద్యాల హోటళ్ల వెనక డ్రమ్ములు పెట్టి, మిగిలిన అన్నం, సాంబారు ఆటోలో తెచ్చి మేపేవాణ్ణి. పెళ్లిళ్ల రోజుల్లో నా పందులు నాకంటే మంచి భోజనం చేసేవి. అట్లాంటిది ఒక ఎండాకాలం వాటికి జ్వరం తగిలింది. దీనికి మందు లేదని పశువుల డాక్టరు చేతులెత్తేశాడు. ఇక గుంతలు తవ్వడమే నా పనైంది. చివరికి చెవి చీలిన నల్ల తల్లిపంది ఒక్కటే మిగిలింది. ఊళ్లో జనం నన్ను చూసినా పక్కకు తప్పుకునేవారు, జ్వరం నాకే వచ్చినట్టు.

అప్పుడు వచ్చాడు మోటారు సైకిల్ మీద కంపెనీ సూపర్‌వైజరు. మీసాలు సరిగా మొలవని పిల్లోడు.

"కూనలు మావి, దాణా మాది, మందులు మావి. చచ్చినా నష్టం మాదే. నువ్వు పెంచి ఇయ్యన్నా, అంతే."

"మరి నాదేందీ సార్?"

"షెడ్డు, కష్టం."

చచ్చినా నష్టం మాదే అన్నాడు చూడండి, అక్కడే పడిపోయాను. గుంతలు తవ్విన చేతులకు ఆ మాట చాలు. ఐదో తరగతితో వదిలేసిన బడి నాకు నేర్పింది సంతకం ఒక్కటే. అది పెట్టేశాను.

తర్వాత వాడు దొడ్లో నల్లదాన్ని చూశాడు. "ఇది ఈడ ఉండగూడదన్నా. బయటి పంది ఉంటే మా కూనలకు రోగాలొస్తాయి."

"సార్, అది ఇంటిదే. బయటివి మీవి."

వాడు నవ్వలేదు.

అమ్మడానికి నా భార్య ఒప్పుకోలేదు. "మనదంటూ మిగిలింది అదొక్కటే. దాన్ని అమ్మితే నేనూ దాంతోనే పోతా" అంది. గడివేములలో మా అక్క ఇంటికి ఆటోలో తోలి వచ్చాం. బయటి పందిని ముట్టుకున్నవాడు కొన్నాళ్లు షెడ్డులోకి రాకూడదట, అదీ కంపెనీ నిబంధనే. అందుకని నేను చూడ్డానికి కూడా పోలేదు. ఫోన్లోనే అడిగేవాణ్ణి.

"తింటాందా అక్కా?"

"తింటాంది. నా దొడ్డంతా తవ్వి పెట్టింది. నీకంటే అదే మేలురా, పని చేస్తాంది."

ఒక పొద్దున అక్కే ఫోన్ చేసింది. "రేయ్, నీ పంది ఈనింది. ఇన్నిటికి నా దగ్గర చోటు లేదు. వచ్చి తోలుకపో."

నా భార్య అప్పటికే చెప్పులేసుకుని వాకిట్లో నిలబడింది. "పద. మన కూనలవి. మళ్లీ మొదలుపెడదాం."

"యాడ పెడతావ్? షెడ్డు నిండా కంపెనీవే."

"ఈ పందుల్ని ఇచ్చేసి కంపెనీకి ఒక దండం పెట్టు."

"మళ్లీ జ్వరమొస్తే గుంతలు నువ్వు తవ్వుతావా?"

ఆమె చెప్పులు విప్పి లోపలికి పోయింది. అక్కకు నేనే చెప్పాను, తల్లినీ కూనల్నీ అమ్మేయమని. చాగలమర్రి నుంచి ఎవరో వచ్చి తోలుకపోయారట.

ఆ వారం సూపర్‌వైజరు వచ్చి దొడ్డంతా కలియజూశాడు. "బయటి పందులేం లేవు గదా అన్నా?"

"లేవు సార్. ఈడ మాదంటూ ఏమీ లేదు."

వాడు పకపకా నవ్వాడు. నా మాటకు వాడు నవ్వడం అదే మొదలు. ఆ రోజు నేను జోకు వేయలేదు.