మందు బంద్

దయానంద్ ఉద్యోగం రైతులకు పంట సలహాలు చెప్పడం. రైతుల పని వాటిని వినకపోవడం. నస్రుల్లాబాద్ చుట్టుపక్కల ఊళ్లలో తొమ్మిదేళ్లుగా ఉభయులూ ఎవరి పని వాళ్లు నిష్ఠగా చేసుకుపోతున్నారు. ఆయన బాన్సువాడ నుంచి రోజూ బండి మీద వెళ్లి చెప్పొస్తాడు. వాళ్లు "మంచిగ చెప్పినవ్ సారూ" అని చాయ్ తాగించి, ఎరువుల దుకాణంవాడు చెప్పిందే చేస్తారు.

మొన్న వానాకాలం గోపాల్ వరికి దోమపోటు తగిలింది. ఉన్నది రెండెకరాలు. ఇంటిల్లిపాదికీ ఏడాది తిండి అందులోదే. గింజ పాలు పోసుకునే వేళ పొలం నడుమ గుండ్రంగా ఎండిపోతుంటే, భయపడి దయానంద్‌కు ఫోన్ చేసి స్పీకర్ పెట్టాడు. పక్కనే భార్య సాయవ్వ ఉంది.

"ముందుగాల మందు బంద్ పెట్టు. నీళ్లు తీసెయ్. నడుమ బాటలు చెయ్," అన్నాడు దయానంద్.

ఆయన అన్నది యూరియా గురించి. పైరు నల్లగా నిగనిగలాడాలని గోపాల్ బస్తా మీద బస్తా చల్లాడు, దోమకు అదే విందయింది. కానీ మన దగ్గర యూరియా మందే, పురుగుకు కొట్టేదీ మందే, జ్వరానికి మింగేదీ మందే, గోపాల్ పొద్దుగూకితే తాగేదీ మందే.

సాయవ్వ లేచి అతని సీసాను మోరీలో ఒంపింది. మిగిలిన యూరియా బస్తాను అర్రలో వేసి తాళం పెట్టింది.

"సార్ చెప్పింది గా మందు కాదే," అని గోపాల్ మొత్తుకున్నాడు.

"ఏ మందో సార్ చెప్పలే. రెండూ బందే."

సాయంత్రాలు ఏం చేయాలో తోచక గోపాల్ పొలానికి పోయాడు. పోయాక ఊరికే కూర్చోలేక నీళ్లు తీశాడు, పైరును పాయలు తీసి గాలాడేలా బాటలు చేశాడు. దోమ ఆగింది. వడ్లు ఇంటికొచ్చాయి. సాయవ్వ రెండు మందులూ బంద్ పెట్టించిన సంగతి చెప్పి చేతులెత్తి దండం పెడితే, తానన్నది యూరియా ఒక్కటేనని చెప్పడానికి దయానంద్‌కు నోరు రాలేదు. తొమ్మిదేళ్లకు ఒక్కరు తన మాట విన్నారు, అదీ తప్పుగా. అయినా ఆయనకు సంతోషంతో కళ్లు చెమర్చాయి.

యాసంగిలో ఆడవాళ్ల ఫోన్లు మొదలయ్యాయి. "మా పొలంల గూడ దోమ పడ్డది సార్, మా ఆయనకు జర చెప్పుండ్రి," అంది పోసవ్వ. వాళ్ల పొలానికి ఇంకా నాట్లే పడలేదు. అయినా దయానంద్ గొంతు సవరించుకుని, మందు బంద్ పెట్టమని గట్టిగానే చెప్పాడు.

మందు మాన్పించే సారని ఆయన పేరు బాన్సువాడ దాకా పాకింది. ఓ ఆదివారం ఆయన గ్లాసు ముందేసుకుని కూర్చుంటే భార్య అంబిక వచ్చి సీసా అందుకుంది.

"మన పొలంల దోమ పడ్డదట."

"మనకు పొలమెక్కడిదే?"

"పొలం లేకుంటేంది, సలహా మీదేనాయె," అంటూ ఆమె మోరీ వైపు నడిచింది.