‘సెకండ్ గేర్’లో జారిన గొంతు

తౌఫీక్‌కు ఒక్కటే జబ్బు. శుభ్రంగా సాగుతున్న పాటను మధ్యలో ఆపేసి, "సారీ అన్నా, గొంతు జారింది. ఇంకొక్కసారి!" అంటాడు.

అతను ఆటోనగర్‌లో లారీ ఇంజన్లు బాగుచేసే ఖాలిక్ గారి కొడుకు. పాప్ పాటలు రాసి, తనే బాణీ కట్టి పాడతాడు. మొదటి క్యాసెట్టు ‘బ్రేక్ ఫెయిల్’ను రెండు రోజుల్లో ముగించాడు. ఆ ఏడాది వన్ టౌన్ సందుల్లో తిరిగే ప్రతి ఆటోలోనూ అదే మోగింది, నిజంగానే బ్రేకులు పడని ఆటోల్లో కూడా. రెండేళ్లకు, 2001లో, రెండో క్యాసెట్టు ‘సెకండ్ గేర్’ మొదలైంది. పటమటలో మేడమీద రికార్డింగ్ స్టూడియో నడిపే హరిబాబు, "ఎనిమిది పాటలేగా, వారంలో అయిపోద్ది. అన్నవరం వెళ్దాం" అని భార్య నాగదుర్గకు మాటిచ్చాడు. వారం గడిచేసరికి మొదటి పాటకు పల్లవి పూర్తయింది.

"ఇప్పుడేమైందయ్యా? నాకు బానే వినపడిందే!" అన్నాడు హరిబాబు.

"పొద్దున అల్లం చట్నీ ఘాటెక్కువైందన్నా."

మర్నాడు తప్పు బెజవాడ ఎండది. ఆ మర్నాడు కృష్ణ మీంచి వచ్చిన చల్లగాలిది. ఒకరోజు కొత్త చెప్పులు కరిచాయన్నాడు.

"చెప్పులు కరిస్తే గొంతుకేంటయ్యా?"

"నరాలన్నీ ఒకటేగా అన్నా!"

పక్కన గిటారు వాయించే లాజరు మాస్టారు జాలిగా తల ఊపేవాడు. ముప్ఫై ఏళ్లు చర్చి పాటలకు వాయించిన మనిషి. తౌఫీక్‌కు గిటారు నేర్పిందీ ఆయనే. కిందటేడు పక్షవాతం వచ్చి, ఈమధ్యే తేరుకున్నాడు. శిష్యుడి గొంతు చూసి ఆయనకు బెంగపట్టుకుంది. రోజూ ఫ్లాస్కులో మిరియాల కషాయం తెచ్చి, దగ్గరుండి తాగించేవాడు.

"మొత్తం తాగరా తౌఫీకూ! బంగారం లాంటి గొంతు, ఇట్టా అయిపోయిందేంట్రా!"

తౌఫీక్ ముక్కు మూసుకుని తాగేవాడు. గొంతు ఎప్పటిలాగే జారేది.

నెలాఖరులోగా పాటలు ఇవ్వకపోతే వేరే గాయకుణ్ణి చూసుకుంటామని క్యాసెట్టు కంపెనీ వాళ్లు ఫోన్ చేశారు. హరిబాబు ఉపాయం చెప్పాడు: "గిటారు ముందు తీసేసుకుందాం. నీ గొంతు తర్వాత తీరిగ్గా కలుపుకోవచ్చు."

"వద్దన్నా. మాస్టారు పక్కన వాయిస్తేనే నాకు పాటొస్తది."

ఆ మధ్యాహ్నం అందరూ భోజనాలకు వెళ్లాక, హరిబాబు విసుగ్గా అప్పటిదాకా రికార్డు చేసిన టేకులన్నీ ముందేసుకుని కూర్చున్నాడు. అసలా గొంతు ఎక్కడ జారిందో తేల్చాలనుకున్నాడు. ఎంత విన్నా జారలేదు. ఈసారి గొంతు వినపడకుండా చేసి గిటారు ఒక్కటే విన్నాడు. ప్రతి టేకులోనూ ఎక్కడో ఒకచోట మాస్టారి ఎడమచేతి వేలు తీగ మీంచి జారుతోంది. సరిగ్గా ఆ క్షణంలోనే తౌఫీక్ "సారీ అన్నా" అంటున్నాడు.

తౌఫీక్ తిరిగి రాగానే హరిబాబు మెట్ల మీదే పట్టుకుని నిలదీశాడు.

"నెమ్మదిగా అన్నా," అన్నాడు తౌఫీక్, వెనక్కి చూస్తూ. "ఆస్పత్రి నుంచి రాగానే ఆయన గిటారు అటకెక్కించేశారు. నా గొంతు పాడైంది, మీరు పక్కన లేందే పాడలేనని ఏడిస్తే దించారు. ఆ వేలికింకా స్పర్శ సరిగా రాలేదు, జారుతున్నట్టు ఆయనకే తెలీట్లేదు. తప్పు తనదని తెలిస్తే మళ్లీ ఎక్కిస్తారు. వాయించగా వాయించగా వేలు దారికొస్తోందన్నా, నువ్వే విను."

హరిబాబు మళ్లీ విన్నాడు. నిజమే. మొదటి వారం పల్లవికే ఆరుసార్లు జారిన వేలు ఇప్పుడు పాట మొత్తానికి రెండుసార్లే జారుతోంది.

మర్నాడు వేలు జారగానే, తౌఫీక్ నోరు తెరిచేలోపే హరిబాబు అద్దం అవతల్నించి చెయ్యెత్తాడు. "మాస్టారూ, మా మిషన్ మొరాయించిందండీ!"

"ఒకడికి గొంతు లేదు, ఒకడికి మిషన్ లేదు. నేనొక్కణ్ణే దొరికానా మీకు!" అని లాజరు మాస్టారు మళ్లీ హుషారుగా అందుకున్నాడు.

గడువుకు ఒక్కరోజు ముందు చివరి పాట. మాస్టారి వేలు మొదటి మీటు నుంచి ఆఖరి మీటు దాకా ఎక్కడా తడబడలేదు. ఆ సంతోషం పట్టలేక తౌఫీక్ గొంతు పైస్థాయిలో నిజంగానే చీలిపోయింది.

"ఓకే! ఇదే ఉంచన్నా!" అని ఎగిరాడు తౌఫీక్.

"గొంతు పగిలిందిరా! ఇంకోటి తీద్దాం," అన్నాడు మాస్టారు.

"ఇంతకన్నా బాగా రాదు మాస్టారూ."

హరిబాబు టేపు తీసి డబ్బాలో పెట్టేశాడు.

క్యాసెట్టు విడుదల రోజున కొట్టు ముందు జనం మూగారు. లాజరు మాస్టారు కనపడినవాళ్లందరికీ చెప్పాడు: "మావాడికి గొంతు బొత్తిగా పోయిందండీ. గిటారుతో ఎట్టాగో నేనే లాక్కొచ్చా."

"నిజమేనండీ," అని తౌఫీక్ బుద్ధిగా తలూపాడు.

మాస్టారు అతన్ని పక్కకు తీసుకెళ్లి, భుజంమీద చెయ్యేసి గొంతు తగ్గించాడు. "ఒరే, ఏమనుకోకు. మూడో క్యాసెట్టుకి ఎవర్నన్నా గొంతున్నోణ్ణి పెట్టుకుందామా?"

తౌఫీక్ మొహం చింకి చాటంత అయింది. "మీరు వాయిస్తానంటే ఎవరైనా సరే, మాస్టారూ!"