మలుపులో నిలబడ్డ టైలరమ్మ

టైలరమ్మకి కోపమొస్తే ఇంట్లో ఎవరూ ఎదురు నిలిచేవాళ్ళు కాదు. ఆ మధ్య ఆవిడ కోపమంతా ఊరవతల కొండమలుపు గురించే. కింద పచ్చటి లోయ, సన్నటి వాగు, ఎంతసేపు చూసినా తనివి తీరని చోటు. అలాంటి చోట ఎవడో దిక్కుమాలినవాడు బస్తాలకి బస్తాలు చెత్త దొర్లించి పోతున్నాడు.

ఆదివారం వస్తే చాలు, పదిమందిని వెంటేసుకుని ఆవిడ లోయలోకి దిగేది. ఏరిన వారానికే మళ్ళీ మామూలే. చివరికి ఒళ్ళుమండి, ఓ గుడ్డ మీద ఇంతింత అక్షరాలు కుట్టింది: "ఈ లోయలో చెత్త పోసింది నేనే." మెడలో వేసుకోడానికి పట్టీ కూడా పెట్టింది.

"దొరికినవాడు ఇది తగిలించుకుని సాయంత్రందాకా ఈ మలుపులో నిలబడాల్సిందే. నా సొంతమనిషైనా వదల్ను!" అంది. అందరూ చప్పట్లు కొట్టారు.

ఆ పూటే పంతులమ్మ పొదల్లోంచి ఓ బస్తా లాగి మూతి విప్పింది. నిండా గుడ్డపీలికలు. ఊదారంగు మీద పచ్చపువ్వులు. పంతులమ్మ ఒంటిమీది జాకెట్టూ అదే! ఇంకాస్త కెలికితే పోస్ట్‌మాన్ చారలచొక్కా ముక్కలు. ఒకళ్ళ బట్టలు ఒకళ్ళు చూసుకున్నారు. తర్వాత అందరూ టైలరమ్మ వంక చూశారు.

ఆవిడ మొహంలో నెత్తురుచుక్క లేదు. కొట్లో పోగైన పీలికలు మరిది ట్రాలీ ఆటోలో చెత్తయార్డుకి పంపేది. యార్డేమో ఊరికి ఆ చివర. మరిదిదేమో పుట్టుబద్ధకం.

"పోనీలేమ్మా, నీకు తెలీక జరిగింది," అన్నాడు పోస్ట్‌మాన్. ఆ జాలి ఆవిడకి చెంపదెబ్బలా తగిలింది. ఇవాళ తను తప్పించుకుంటే రేపు ఎవరినైనా నిలదీసే మొహం ఉంటుందా? తన మాట నమ్మి మళ్ళీ ఎవరు దిగుతారు లోయలోకి?

మర్నాడు కొట్టు మూసేసి, గుడ్డ మెడలో వేసుకుని మలుపులో నిలబడింది. బస్సులవాళ్ళు ఆపి మరీ చదివారు. సిగ్గుతో చచ్చిపోయింది గానీ కదల్లేదు.

మధ్యాహ్నానికి మరిది ట్రాలీ రానే వచ్చింది, వెనకాల ఎవరిదో చిరిగిన పరుపుతో.

"వదినా! అదేంటి నీ మెడలో? పోసింది నేనైతే!" అనేశాడు నోరుజారి.

"ఇచ్చింది నేను. ఎక్కడ పోస్తున్నావురా అని ఒక్కనాడైనా అడిగానా?"

మరిది ట్రాలీ దిగొచ్చి చెయ్యి చాచాడు. "ఇలా ఇచ్చెయ్ వదినా, నేనేసుకుంటా. నువ్వింటికెళ్ళు."

"నాది నాకే ఉండనీ," అంటూ టైలరమ్మ సంచీలోంచి పచ్చపువ్వుల పీలికలతో కుట్టిన ఇంకో గుడ్డ తీసింది. "నీది నిన్ననే కుట్టేశా. మెడ కొలత నా దగ్గరుందిగా."